గిటార్ చేతికి ఏ కీబోర్డు?



విజయవాడ, గుడివాడ, బందరు, తెనాలి. ఈ ఊళ్ళలో గిటార్ నేర్చుకున్న పిల్లలకు ఇప్పుడు కొదవ లేదు. వాళ్ళలో కొందరికి సొంతంగా బాణీలు కట్టే పిచ్చి పడుతుంది. రెండు మూడు పాటలు కట్టేసరికి చేతిలో ఉన్న గిటార్ చాలదనిపిస్తుంది. అడుగున బేస్ వినపడాలి, దరువు ఉండాలి, చరణానికి ముందు వయొలిన్లు లేవాలి. అప్పుడు వచ్చి అడుగుతారు: "మాస్టారూ, కీబోర్డు కొందామనుకుంటున్నా, ఏది కొనమంటారు?"

జవాబు ముందే చెప్పేస్తాను. గిటార్ చేయలేని పని చేసి పెట్టే కీబోర్డు కొనండి. మీరు గిటార్ వాయిస్తారని తెలియగానే కొట్టులో కుర్రాడు చేసే మొదటి పని, నైలాన్ గిటార్ టోన్ పెట్టి వినిపించడం. "చూశారా సార్, అచ్చం గిటారే" అంటాడు. అచ్చం గిటార్ మీ ఇంట్లో ఉంది కదండీ! దానికోసం మళ్ళీ డబ్బు పెట్టడం దేనికి? వయొలిన్ల గుంపు, బేస్, ఆర్గాన్, డ్రమ్స్ వినిపించమనండి. మీటిన తీగె శబ్దం క్షణాల్లో సన్నగిల్లిపోతుంది. పట్టి ఉంచినంతసేపూ నిలిచే శబ్దం గిటార్‌లో లేదు. మీకు లోటు అక్కడ.

కొట్లలో కీబోర్డు అని ఒకే పేరుతో రెండు వేరు వేరు వస్తువులు అమ్ముతారు. ఒకటి అరేంజర్. ఎడమ చేత్తో కార్డు పట్టుకుంటే దరువు, బేస్, వెనకాల వాద్యాలు అన్నీ అదే వాయించుకుపోతుంది. ఆ తయారు దరువులనే స్టైల్స్ అంటారు. మన దేశం కోసమే యమహా వాళ్ళు పీఎస్ఆర్-ఐ500 లాంటివి చేసి, అందులో మన తాళాలు, తబలా, తంబురా కూడా పెట్టారు. రెండోది వర్క్‌స్టేషన్. అందులో మీరు ఒక్కో వాద్యాన్ని విడివిడిగా వాయించి, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పాట మొత్తం కట్టుకోవాలి. దానికి పనికొచ్చే భాగాన్ని సీక్వెన్సర్ అంటారు. అరేంజర్ రెడీమేడ్ చొక్కా, వర్క్‌స్టేషన్ గుడ్డ కొని కుట్టించుకునేది. పెళ్ళి ఆర్కెస్ట్రాలో సాయంత్రం నాలుగు గంటలు పాడించాలంటే అరేంజర్‌ను మించింది లేదు, ఆ మాట ఒప్పుకుంటాను. సొంత పాట కట్టేవాడికి మాత్రం అది మొదట్లో ఊతం ఇచ్చినట్టే ఇచ్చి తర్వాత కాళ్ళకు అడ్డం పడుతుంది. స్టైల్ పెట్టి కట్టిన పది పాటలు పక్కపక్కన వింటే పదీ ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి.

వర్క్‌స్టేషన్ అనే మాటను జనంలోకి తెచ్చింది 1988లో జపాను కంపెనీ కోర్గ్ వదిలిన ఎం1. ఎనిమిది ట్రాకుల సీక్వెన్సర్, ఒకేసారి 16 స్వరాలు పలికే శక్తి, అన్నీ ఒకే పెట్టెలో. అంతకు అయిదేళ్ళ ముందు, 1983లో, ఒక కంపెనీ వాద్యం ఇంకో కంపెనీ వాద్యంతో మాట్లాడుకునేలా మిడి అనే ఒప్పందం కుదిరింది. ఇవాళ మీరు కొనే ఏ కీబోర్డు వెనక చూసినా ఆ మిడి ఏదో ఒక రూపంలో ఉంటుంది.

ఇక్కడ ఓ చిన్న పిట్టకథ. ఆకాశవాణిలో ఒకప్పుడు మెట్ల వాద్యానికి చోటు లేదు. 1940 మార్చి 1 నుంచి రేడియోలో హార్మోనియం నిషేధం. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యేనాటికే ఆ నిషేధానికి ఎనిమిదేళ్ళు నిండాయి. బయట చూస్తేనేమో కృష్ణా, గుంటూరు జిల్లాల్లో హార్మోనియం లేనిదే పద్యనాటకానికి తెర లేచేది కాదు. నటుడు రాగం తీస్తే హార్మోనిస్టు అందుకుని బదులు పలకాల్సిందే, జనం ఇద్దరికీ కలిపి ఈలలు వేయాల్సిందే. 1971లో గానీ షరతుల మీద ఆ నిషేధం సడలలేదు. సంగీతం పెద్దల ప్రధాన అభ్యంతరం ఇది: మెట్టు నొక్కితే స్వరం ఎక్కడ పుట్టిందో అక్కడే నిలబడుతుంది, గమకం పలకదు. రవీంద్రనాథ్ ఠాగూరుకూ హార్మోనియం గిట్టేది కాదు. శిక్ష మరీ ఎక్కువని నా అభిప్రాయం. ఫిర్యాదు మాత్రం అబద్ధం కాదు. తోడి రాగంలో గాంధారాన్ని కదలకుండా మెట్టు మీద నొక్కి పట్టండి, అది తోడి అనిపించుకోదు.

గిటార్ చేతిలో పట్టినవాడికి ఈ ఇబ్బంది ఇంకా బాగా తెలుస్తుంది. మీరు తీగెను పక్కకు లాగి స్వరాన్ని పైకి జరుపుతారు, ఫ్రెట్ల మీద జారుడు వేస్తారు. కీబోర్డు ముందు కూర్చోగానే ఆ వేళ్ళకు పని పోతుంది. అందుకే కొట్టులో నేను మొదట చూడమనేది ఎడమ పక్కన ఉండే పిచ్ బెండ్. యమహాలో అది చక్రం, రోలాండ్‌లో పక్కలకు కదిలే మీట, కోర్గ్‌లో ఎక్కువగా జాయ్‌స్టిక్. ఏది మంచిదని వాదించుకోవద్దు, మీ చేతికి ఏది అమిరితే అదే మంచిది. సాధారణంగా అది అటూ ఇటూ రెండేసి అర స్వరాల మేర కదిలేలా పెట్టి ఉంటుంది. మొదట్లో దాన్ని పెంచకండి. పెంచితే చిన్న గమకం వేయబోయినా ఎక్కడికో ఎగిరిపోతుంది. ఇంకో కిటుకు: గిటార్ తీగెను లాగితే స్వరం పైకే పోతుంది తప్ప కిందికి రాదు. కాబట్టి కీబోర్డు మీద గిటార్ పోకడ రావాలంటే బెండును పైకి మాత్రమే వాడండి. కిందినుంచి ఎక్కి మెట్టు చేరినట్టు వినిపించాలంటే కింది మెట్టు నొక్కి పైకి తిప్పండి. కుడి చేతి వేలు మెట్టు మీద, ఎడమ చెయ్యి మీట మీద. రెండు చేతులూ కలిసి ఒకే పలుకు పలకడం గిటారిస్టుకు పుట్టుకతో వచ్చిన విద్యే కదా! అందుకే ఈ ఒక్క విషయంలో మీరు పియానో నేర్చుకున్నవాళ్ళకన్నా త్వరగా దారిలో పడతారు.

మెట్ల వాద్యంతో సినిమా పాట రూపు మార్చినవాళ్ళను తలుచుకుంటే, ఇద్దరు మన బందరు వాళ్ళే తగులుతారు. మాస్టర్ వేణు బందరులో పుట్టారు. విజయా సంస్థ అమెరికా నుంచి తెప్పించిన హేమండ్ ఆర్గాన్‌ను వాయించి, దక్షిణాది సినిమా పాటలో ఆ గొంతు వినిపించిన తొలి తరం వాళ్ళలో ఒకరు. 'రోజులు మారాయి', 'తోడికోడళ్ళు', 'మాంగల్యబలం' ఆయన సంగీతమే. రెండో ఆయన మణిశర్మ. ఆయనా బందరులోనే పుట్టారు. సంగీత దర్శకుడు కాకముందు చాలా ఏళ్ళు మద్రాసులో ఇతర సంగీత దర్శకుల దగ్గర కీబోర్డు పని చేశారు. ఆర్గాన్ నుంచి ప్రోగ్రామింగ్ దాకా ఒకే ఊరి వాళ్ళు కనపడటం ముచ్చటగానే ఉంటుంది.

గిటారిస్టులకు పెద్ద దిక్కు మాత్రం ఇళయరాజా. సొంత సినిమాలు రాకముందు ఆయన మద్రాసులో గిటార్, కీబోర్డు వాయించే సెషన్ కళాకారుడు. 'సాగర సంగమం', 'రుద్రవీణ' సినిమాలకు జాతీయ పురస్కారం అందుకున్నారు, రెండూ తెలుగువే. ఆయన వాద్యబృందం మొత్తాన్ని మనసులో విని కాగితం మీద స్వరలిపిలో రాసేస్తారు. అంత వినికిడి మనకెక్కడిది? ఆయన కాగితం మీద చేసే పనిని మనకు వినిపిస్తూ, దిద్దుకోనిస్తూ చేయించేదే వర్క్‌స్టేషన్.

ఇక మెట్ల లెక్క. 61 మెట్లా, 76 మెట్లా, 88 మెట్లా? గిటారిస్టుకు 61 చాలు. మామూలు 61 మెట్ల కీబోర్డులో ఎడమ చివరి నుంచి తెల్ల మెట్లు లెక్కపెట్టండి. మూడోది మీ గిటార్ ఆరో తీగె, అంటే అట్టడుగు ఈ. మీ గిటార్‌కు 22 ఫ్రెట్లున్నా 24 ఉన్నా, పై చివరి స్వరం కూడా కుడి చివరి మెట్టుకు లోపలే ఉంటుంది. అంటే గిటార్ మొత్తం ఆ 61లో ఇమిడిపోతుంది, కాస్త చోటు మిగులుతుంది కూడా. ఇమడనిది బేస్ గిటార్. అది ఒక స్థాయి కిందికి దిగుతుంది కాబట్టి ఆక్టేవ్ మీట నొక్కాలి. పియానో సాధన చేసే ఉద్దేశం ఉంటేనే 88 బరువు మెట్లకు పోండి. మోయాల్సింది మీ నడుమే.

గిటార్‌లో ఒకే స్వరం చాలా చోట్ల దొరుకుతుంది. మొదటి తీగెను ఏమీ నొక్కకుండా మీటితే వచ్చే ఈ స్వరమే రెండో తీగె అయిదో ఫ్రెట్‌లో, మూడో తీగె తొమ్మిదిలో, నాలుగో తీగె పద్నాలుగులో, అయిదో తీగె పంతొమ్మిదిలో ఉంది. కీబోర్డు మీద దానికి ఒకటే మెట్టు. అందువల్ల మీ వేళ్ళకు అలవాటైన ఆకారాలు ఇక్కడ పనికిరావు. ఇది మొదట చిరాకు. కొన్నాళ్ళకు వరమవుతుంది, ఎందుకంటే వేళ్ళు అలవాటుగా పోయే దారి మూసుకుపోతే చెవి కొత్త దారి వెతుకుతుంది. గిటార్ మీద ఎప్పుడూ తట్టని బాణీలు కీబోర్డు ముందు తడతాయి.

కార్డు పట్టుకోవడంలోనూ తేడా ఉంది. గిటార్ మీద ఓపెన్ ఈ మేజర్ కార్డు పట్టండి. ఈ స్వరాన్ని షడ్జమం అనుకుంటే ఆరో తీగె నుంచి ఒకటో తీగె దాకా వరస ఇది: స, ప, స, గ, ప, స. ఆరు తీగెల్లో గాంధారం ఒక్కచోటే, అదీ మధ్యలో. కింద షడ్జమ పంచమాలే ఉండటం వల్ల ఆ కార్డు అంత గంభీరంగా, తేటగా మోగుతుంది. కొత్తగా కీబోర్డు పట్టినవాడు అదే కార్డుకు స, గ, ప మూడు మెట్లూ కింది స్థాయిలో దగ్గరదగ్గరగా నొక్కుతాడు. బురదగా వినిపిస్తుంది. "ఈ టోన్ బాలేదు" అని వాద్యాన్ని తిడతాడు. ఎడమ చేత్తో స, ప, కుడి చేత్తో ఓ స్థాయి పైన గ, ప, స నొక్కి చూడమనండి. అదే టోన్ విచ్చుకుంటుంది. కొట్టులో టోన్లకు మార్కులు వేసేముందు ఇది గుర్తుంచుకోండి.

శ్రుతి సంగతి. పాడేవాళ్ళు వచ్చి "నాది రెండున్నర అండి" అంటారు, అంటే డీ షార్ప్. గిటారిస్టుకు గుండె గుభేలుమంటుంది. మొదటి ఫ్రెట్ మీద కేపో బిగించి డీ ఆకారాలు వాయించుకుంటాం. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ మీట ఉంది, పని సులువే. కానీ చాలా వాటిలో ట్రాన్స్‌పోజ్ చేసి వాయిస్తే సీక్వెన్సర్‌లో నమోదయ్యేది మీరు నొక్కిన మెట్టు కాదు, మారిన స్వరం. మర్నాడు ట్రాన్స్‌పోజ్ సున్నా చేసి దానిమీద వాయిస్తే అర స్వరం తేడాతో గొడవ. పాటకు పేరు పెట్టేటప్పుడే శ్రుతి అంకె కూడా కలిపి రాసుకోండి, తలనొప్పి తప్పుతుంది.

అసలు సంగతికొస్తున్నాను, సీక్వెన్సర్. దీనిలో రెండు రకాలు. ఒకటి నాలుగు, ఎనిమిది బార్ల ముక్కను చక్రంలా తిప్పుతూ దానిమీద పొరలు పేర్చేది, ప్యాటర్న్ సీక్వెన్సర్. రెండోది పాట మొదలు నుంచి చివరిదాకా టేపులా సాగిపోయేది. కుర్రకారుకు మొదటిదంటే మోజు, తొందరగా పని అవుతుంది గనక. నాకు మాత్రం తెలుగు పాట కట్టడానికి రెండోదే నప్పుతుంది. మన పాటకు పల్లవి ఒక చోటు, చరణం ఇంకో చోటు. చరణంలో బాణీ పైకెక్కాలి, దరువు సడలాలి, మళ్ళీ పల్లవికి దిగేచోట ఒక ఒడుపు ఉండాలి. ఎనిమిది బార్ల చక్రంలో కూర్చుని కట్టిన పాటలో చరణం కూడా పల్లవి గడప దాటదు. ఈమధ్య వింటున్న కొన్ని పాటలకు ఈ జబ్బే అని నా అనుమానం.

అలాగే క్వాంటైజ్ అనే మీట. వాయించినదాన్ని గీత గీసినట్టు తాళంలో కూర్చోబెడుతుంది. బేస్‌కు, డ్రమ్స్‌కు కొంతవరకూ మంచిదే. మన జానపదంలో వచ్చే తిశ్ర నడక దరువును దానికి పూర్తిగా అప్పగిస్తే మాత్రం ఊపు చచ్చి ఊరుకుంటుంది. సగం మోతాదులో వాడుకునే వీలుందేమో అడగండి. ఏడు మాత్రల మిశ్రచాపు వాయించేవాళ్ళు తాళం గుర్తు ఏడుకు మారుతుందో లేదో కూడా కొట్టులోనే చూసుకోండి. చతురశ్రంలో తప్ప దేనిలోనూ సరిగా కుదరని పెట్టెలూ ఉన్నాయి.

డప్పు, కనక తప్పెట, డోలు, సన్నాయి. ఇవి జపానులో చేసిన పెట్టెల్లో వెతికితే సరైనవి దొరకడం కష్టం. దొరికినా ఎక్కడివో అన్నట్టు ఉంటాయి. సాంప్లింగ్ ఉన్న కీబోర్డు కొంటే ఆ బాధ లేదు. మీ ఊరి డప్పు కళాకారుణ్ణి పిలిచి, కూలి ఇచ్చి, నిప్పుల సెగ మీద చర్మం కాచిన తర్వాత ఒక్కో దెబ్బనూ వేరువేరుగా రికార్డు చేసి మెట్లకు ఎక్కించుకోండి. మెత్తని దెబ్బ, గట్టి దెబ్బ, పుల్ల దెబ్బ, మూడూ తీసుకోండి. ఒక్క దెబ్బనే తీసుకుని మళ్ళీ మళ్ళీ మోగిస్తే రెండు బార్లలోనే దొంగతనం బయటపడుతుంది. ఆయన పేరు పాట వివరాల్లో వేయడం మరవకండి.

"మరి నా గిటార్‌ను నేరుగా దీనిలో గుచ్చి పాడించవచ్చా?" అని అడుగుతారు. గుచ్చవచ్చు, పేలవంగా వస్తుంది. గిటార్ పికప్ నుంచి వచ్చే సంకేతం బలహీనం. దానికి హై ఇంపీడెన్స్ ఇన్‌పుట్ కావాలి. కీబోర్డుల వెనక ఎక్కువగా ఉండేవి మైకుకో లైనుకో పనికొచ్చేవి. మధ్యలో ఒక డీఐ బాక్సో బఫర్ ఉన్న పెడలో పెడితే శబ్దం తేటపడుతుంది.

కీబోర్డే వద్దు, గిటార్‌కే మిడి పికప్ బిగించుకుంటానంటారు కొందరు. ఆలోచన మంచిదే. చిక్కంతా కింది తీగెల దగ్గర. ఆరో తీగె సెకనుకు 82 సార్లు కంపిస్తుంది, అంటే ఒక్క కంపనానికే 12 మిల్లీసెకన్లు. ఏ స్వరమో యంత్రం పోల్చుకోవాలంటే కనీసం ఒకటి రెండు కంపనాలు చూడాలి. ఆ ఆలస్యం బేస్ వాయించేటప్పుడు వేలికి తెలిసిపోతుంది. పై తీగెల మీద అంత బాధ లేదు. కంప్యూటరుంటే ఈ పెట్టెలన్నీ దేనికనే వాదమూ ఉంది. నిజమే, స్టూడియో పని చివరికి కంప్యూటరులోనే తేలుతుంది. కానీ రాత్రి పదకొండింటికి తట్టిన బాణీ, కంప్యూటరు తెరిచి, అప్‌డేట్లు ముగిసి, సౌండ్ కార్డు కనిపించేలోపు మర్చిపోయే రకం మనుషులం మనం. మీట నొక్కగానే పలికే వాద్యం విలువ అక్కడ ఉంది.

పేర్లు చెప్పమంటారా, చెబుతాను. మన ఆర్కెస్ట్రాల్లో, చర్చి బృందాల్లో ఎక్కడ చూసినా రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 కనపడుతుంది. తేలిక, టోన్లు మార్కెట్లో దండిగా దొరుకుతాయి, స్టేజి మీద తిరుగు లేదు. పాట కట్టుకోవడానికి మాత్రం సీక్వెన్సర్ ఉన్న ఎక్స్‌పీఎస్-30, జూనో-డీఎస్ నయం, వీటిది ఎనిమిది ట్రాకుల ప్యాటర్న్ పద్ధతి. కోర్గ్ క్రాస్-2లో 16 ట్రాకుల సీక్వెన్సర్, పాట పొడుగునా సాగేది. ఆరు పెన్‌టార్చి బ్యాటరీల మీద నడుస్తుంది కూడా. తుపాను రోజుల్లో కరెంటు పోయే మన ఊళ్ళకు అది చిన్న సుగుణం కాదు. ఇంకా పైకి పోతే యమహా మోడెక్స్, రోలాండ్ ఫాంటమ్-0, కోర్గ్ నాటిలస్. అక్కడ లక్షల మాట. తొలిసారి కొనేవాళ్ళను నేను క్రాస్ దగ్గరే ఆగమంటాను. మిగిలిన డబ్బుతో మంచి హెడ్‌ఫోన్లు కొనుక్కోండి.

పాతవి కొనేవాళ్ళకు ఒక మాట. కోర్గ్ ట్రైటన్, యమహా మోటిఫ్ ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. శబ్దం గొప్పదే. కానీ మొదటి ట్రైటన్ పాటల్ని ఫ్లాపీలో దాస్తుంది, మొదటి మోటిఫ్ స్మార్ట్‌మీడియా కార్డులో దాస్తుంది. ఆ రెండూ ఇప్పుడు కొట్లలో అడిగితే నవ్వుతారు. మెట్లన్నీ ఒక్కొక్కటిగా నొక్కి చూడండి, మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి. మన డెల్టా ఉక్కకు, దుమ్ముకు మెట్ల కింద రబ్బరు పొరలు దెబ్బతిని కొన్ని మెట్లు పలకవు, కొన్ని ఉన్నపళంగా అరుస్తాయి. బందరు, నాగాయలంక వైపు ఉప్పుగాలికి గిటార్ తీగెలు తుప్పు పట్టడం మీకు తెలిసిందే, కీబోర్డు లోపలి కనెక్షన్లకూ అదే గతి. వాడనప్పుడు కప్పి ఉంచండి. సర్వీసు విజయవాడలో చేస్తారా, హైదరాబాదు పంపాలా అన్నది బిల్లు రాయించుకునేముందే అడగండి.

చివరిగా కొట్టులో చేయాల్సిన పరీక్ష. మీ సొంత పాట ఒకటి మనసులో పెట్టుకుని వెళ్ళండి. అమ్మేవాణ్ణి ఒక్కసారి చూపించమని, తర్వాత చేతులు కట్టుకుని నిలబడమనండి. ఖాళీ పాట తెరిచి నాలుగు బార్ల బేస్ వాయించండి. దానిమీద కార్డులు, ఆపైన బాణీ. మధ్యలో కావాలనే ఒక తప్పు స్వరం వేసి, ఆ ఒక్కదాన్నే సరిచేసి చూడండి. దాచండి, స్విచ్ ఆపండి, మళ్ళీ వేసి పాట తెరవండి. ఎవరి సాయమూ అడగకుండా ఇదంతా చేయగలిగిన పెట్టె మీది. చేయలేకపోతే దానిలో ఎన్ని వేల టోన్లున్నా అక్కడే వదిలేసి, పక్క కొట్టులో ఇంకోటి చూడండి.